అమెరికాలో వికలాంగులకు కనీస వేతనం కంటే తక్కువ జీతం ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, చట్టబద్ధంగానే. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్‌లో 14(సి) అనే సెక్షన్ ఉంది. కార్మిక శాఖ సర్టిఫికెట్ ఉన్న సంస్థ ఫెడరల్ కనీస వేతనం, అంటే గంటకు 7.25 డాలర్ల కంటే తక్కువ ఇవ్వొచ్చు. వైకల్యం ఉంటే చాలదు, దానివల్ల ఆ పనిలో వేగం తగ్గాలి.

లెక్క ఇలా ఉంటుంది. అనుభవమున్న మామూలు కార్మికుడు గంటకు 100 డబ్బాలు సర్దుతాడు, అక్కడ ఆ పనికి 15 డాలర్లు నడుస్తోంది అనుకుందాం. వైకల్యమున్న కార్మికుడు 40 సర్దితే చేతికొచ్చేది 6 డాలర్లు. ఇంతకంటే తగ్గకూడదన్న హద్దేమీ లేదు. గంట జీతమైతే ఆరు నెలలకోసారైనా మళ్లీ కొలవాలి. నాకు నచ్చనిది ఈ కొలతే. బల్ల ఎత్తు కుదరకపోయినా వేగం తగ్గుతుంది, కోత మాత్రం మనిషి జీతంలో పడుతుంది.

దుర్వినియోగమూ జరిగింది. అయోవాలో టర్కీ కోళ్ల ప్లాంట్‌లో పనిచేసిన 32 మంది మేధో వైకల్యం గలవారికి నెలకు దక్కింది 65 డాలర్లే. 2013లో జ్యూరీ 24 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది, చట్టంలోని పరిమితి వల్ల అది 16 లక్షలకు పడిపోయింది.

అలాస్కా, మేరీలాండ్ లాంటి రాష్ట్రాలు ఈ పద్ధతిని ఆపేశాయి. ఇది పోతే వికలాంగుల కోసమే నడిచే వర్క్‌షాపులు మూతపడి తమ పిల్లలు ఇంట్లోనే కూర్చుంటారని కొందరు తల్లిదండ్రుల టెన్షన్. దేశమంతటా దశలవారీగా ఆపాలని 2024 డిసెంబరులో కార్మిక శాఖ ప్రతిపాదించింది, 2025 జులైలో వెనక్కి తీసుకుంది.