దీపాలు తర్వాత, ముందు రైల్వేస్టేషన్

అమ్మాయ్,

లాస్ వేగాస్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే 'ధగధగ' ఐదుసార్లు పడింది. ఆ దీపాలు ఒక వీధి వదిలి ఇంకో వీధికి ఎందుకు వెళ్లాయో మాత్రం ఎక్కడా లేదు.

వీధి గురించి రాసేటప్పుడు ముందు ఒకటి చూసుకో: జనం అక్కడికి ఎలా వచ్చారు, ఎక్కడ దిగారు? 1905 మే 15న రైల్వే కంపెనీ ఆ ఎడారిలో స్థలాలు వేలం వేసింది. స్టేషన్ ఎదుట మొదలయ్యే ఫ్రీమాంట్ వీధే ఊరికి బజారైంది. 1931లో నెవాడా రాష్ట్రం జూదానికి అనుమతిచ్చింది. హూవర్ డ్యామ్ పని మొదలైందీ ఆ ఏడాదే. పనివాళ్ల కోసం కట్టిన బౌల్డర్ సిటీలో జూదం నిషేధం. మరి జీతం రాళ్లు పట్టుకుని ఎటు పోతారు? ఫ్రీమాంట్‌కే.

తర్వాత కార్లొచ్చాయి. 1941లో ఎల్ రాంచో వేగాస్ హోటల్‌ని ఊళ్లో కాకుండా పొలిమేర దాటి, లాస్ ఏంజెలెస్ వెళ్లే హైవే పక్కన కట్టారు. స్థలం చవక, ఊరి పన్నుల బెడద లేదు, కార్లకు బోలెడంత చోటు. హోటళ్లు, జూదశాలలు వరసకట్టిన ఈనాటి స్ట్రిప్ రోడ్డుకి మొదలు అదే. నువ్వు సెల్ఫీ దిగిన 1959 నాటి స్వాగతం బోర్డు కూడా, లెక్క ప్రకారం చూస్తే, లాస్ వేగాస్ నగరంలో లేదు! ఇంత మంచి సంగతి వదిలేసి బఫే గురించి అరపేజీ రాశావు.

ఇంకో వీధిని కూడా వదిలేశావు. స్ట్రిప్ మీద పాడి చప్పట్లు కొట్టించుకున్న నల్లజాతి గాయకులకు అదే హోటల్లో గది ఇచ్చేవాళ్లు కాదు. రైలు పట్టాలకు అవతల ఉన్న వెస్ట్‌సైడ్‌కి వెళ్లి పడుకోవాలి. అందరినీ రానిచ్చిన మూలాఁ రూజ్ హోటల్ 1955లో తెరుచుకుని, కొన్ని నెలలకే మూతపడింది. స్ట్రిప్ తలుపులు తెరుచుకోవడానికి 1960 దాకా పట్టింది. నేనైతే వ్యాసం ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మిగతాది క్లుప్తంగా చెప్పినా చాలు. 1989లో మిరాజ్ హోటల్ రోడ్డు పక్కనే అగ్నిపర్వతం పెట్టింది, నడిచేవాళ్లను నిలబెట్టడానికి. 1993లో పాత డ్యూన్స్ హోటల్‌ని పేల్చేశారు. ఆ చోటే ఇప్పుడు బెలాజియో హోటల్. వెలవెలబోయిన ఫ్రీమాంట్‌లో 1995 నాటికి కార్లు ఆపేసి, పైన దీపాల కప్పు వేశారు. చివరికి మిరాజ్ కూడా 2024లో మూతపడింది.

మళ్లీ వెళ్తే ప్లాజా హోటల్ ముందు కాసేపు నిలబడు. పాత స్టేషన్ ఉన్న చోటు అదే. అక్కడ రైలు దిగినట్టు ఊహించుకుని ఫ్రీమాంట్ వైపు చూడు.

ఐదు 'ధగధగ'ల్లో ఒకటి ఉంచుకో, పర్లేదు. బఫే మాత్రం తీసెయ్.

ఆశీస్సులతో,
మీ మాస్టారు