కణాల మీది చక్కెర: కొత్తగా సైన్సు రాస్తున్న తమ్ముడికి

హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

కణాల మీది చక్కెర గొలుసుల గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి వాక్యమే దారి తప్పింది. "మన కణాలన్నిటికీ షుగర్ ఉంటుంది" అన్నావు. మన ఊళ్లో ఫలానాయనకు షుగర్ ఉందంటే మాత్రలు వాడుతున్నాడని అర్థం. "చక్కెర గొలుసులు" అని రాయి. గ్లైకాన్ అనే మాట ఒక్కసారి చెప్పి వదిలెయ్.

ఆ గందరగోళం నిన్నూ వదల్లేదు. మూడో పేరాలోకి షుగర్ పరీక్షలో చూసే హెచ్‌బీఏ1సీని లాక్కొచ్చావు. రక్తంలో తిరిగే గ్లూకోజు హిమోగ్లోబిన్‌కు దానంతటదే అంటుకుంటే వచ్చేది అది, ఎంజైముతో పనిలేదు. కణం మీది గొలుసులను మాత్రం ఎంజైములే ఒక్కో చక్కెరా తగిలిస్తూ అల్లుతాయి. ఆ పేరా కొట్టెయ్.

రక్తం గ్రూపుతో మొదలుపెట్టు, అది అందరూ చేయించుకున్న పరీక్షే. గాజు పలక మీద నీలం రంగు యాంటీ-ఎ (ఎ గుర్తును పట్టుకునే యాంటీబాడీల ద్రవం) ఒక చుక్క, అలాగే బి గుర్తును పట్టుకునే పసుపు రంగు యాంటీ-బి ఒక చుక్క. రెండింట్లోనూ రక్తం కలిపి పలకను మెల్లగా అటూ ఇటూ వంచుతారు. రెండు నిమిషాల్లో నీలం చుక్క మాత్రమే విరిగిన పాలలా పలుకులు కట్టిందంటే ఎ గ్రూపు. ఇప్పుడు కారణం చెప్పు: ఎర్ర రక్తకణం మీది గొలుసు చివర ఫ్యూకోజ్ అనే చక్కెర తగిలితే హెచ్ అనే గుర్తు. దానిమీద ఎన్-అసిటైల్ గెలాక్టోసమీన్ చేరితే ఎ, గెలాక్టోజ్ చేరితే బి, ఏదీ చేరకపోతే ఓ. ఈ గ్రూపుల్లో ఎవరి రక్తం ఎవరికి పడదో తేల్చేది ఆ చివరి ఒక్క చక్కెరే.

బాంబే గ్రూపును ఒక్క లైనులో తేల్చేశావు, అన్యాయం. 1952లో బయటపడ్డ ఈ గ్రూపువాళ్లకు ఆ ఫ్యూకోజే తగలదు, హెచ్ కూడా ఉండదు. పై పలక మీద వాళ్లది అచ్చం ఓ లాగే కనిపిస్తుంది. కానీ వాళ్ల సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) హెచ్‌ను పట్టుకునే యాంటీ-హెచ్ ఉంటుంది కాబట్టి ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. సీరాన్ని ఓ గ్రూపు కణాలతో కలిపి చూస్తే పలుకులు కట్టి దొరికిపోతుంది. ఇది పూర్తిగా రాయి.

టీకా పేరాలో "ప్రొటీన్ కలిపితే శక్తి పెరుగుతుంది" అన్నావు. టీవీ ప్రకటనలా ఉంది. టైఫాయిడ్ క్రిమి మీది 'వీఐ' పొర చక్కెర గొలుసే. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు దాన్ని గుర్తుపట్టవు. అందుకే ఒట్టి వీఐ టీకా రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రొటీనుకు అతికిస్తే, చక్కెరను పట్టుకున్న బీ కణం (యాంటీబాడీలు తయారుచేసేది) ప్రొటీనునూ మింగి, దాని ముక్కలను టీ కణానికి చూపించి సాయం తెచ్చుకుంటుంది. మన భారత్ బయోటెక్ టైప్‌బార్-టీసీవీ ఇలాంటిదే: అర మిల్లీలీటరులో 25 మైక్రోగ్రాముల వీఐ, ఆరో నెల నుంచే వేయొచ్చు.

ఫ్లూకు రెండు వాక్యాలు చాలు. వైరస్ మీది హెచ్ (హీమగ్లుటినిన్ అనే ప్రొటీను, రక్తం గ్రూపు హెచ్ కాదు) మన కణం మీది సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను పట్టుకుని కణంలోకి దారి చేసుకుంటుంది, ఎన్ (న్యూరమినిడేజ్ అనే ఎంజైము) అదే చక్కెరను కత్తిరించి కొత్త వైరస్‌లను విడిపిస్తుంది. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ అడ్డుకునేది ఆ కత్తెరనే.

క్యాన్సర్ దగ్గర జాగ్రత్త. కొన్ని క్యాన్సర్ కణాలు సియాలిక్ ఆమ్లాన్ని దట్టంగా కప్పుకుని, రోగనిరోధక కణాల మీద ఆ చక్కెరను గుర్తుపట్టే సిగ్లెక్‌లనే ప్రొటీన్లను తాకి వాటిని మెత్తబరుస్తాయి. "కాబట్టి తీపి మానేయండి" అన్న ముక్క తీసెయ్. ఆ చక్కెరను కణం లోపలే తయారుచేసుకుంటుంది, కాఫీలో చెంచా తగ్గించినంత మాత్రాన ఆ దుప్పటి ఊడదు.

మార్చి పంపు. పలక బొమ్మ కూడా గీయించు, రంగులు తారుమారు కానీయకు.

ఆశీస్సులతో,
అన్నయ్య