సముద్రంలోనూ అభయారణ్యమా?

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర పల్లెపాలెం. మా ఆయన ఫైబర్ బోటు మీద కవళ్లు, కానాగంతలు లాంటి చేపల వేటకు వెళతాడు. మా సముద్రాన్నీ అభయారణ్యం చేస్తారని ఎవరో అన్నారు. ఇప్పటికే రెండు నెలలు ఖాళీగా ఉంటాం. ఒకటే టెన్షన్.
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: ఆ రెండు నెలల సంగతి వేరమ్మా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం. అది ఏటా ముగుస్తుంది. అభయారణ్యం హద్దు ఏడాదంతా ఉంటుంది, కాబట్టి మీ భయం ఉత్తదేం కాదు. తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో 21 దీవులను 1986లో జాతీయ పార్కు చేశాక అక్కడ వేటకే కాదు, నాచు ఏరుకోవడానికీ ఆంక్షలొచ్చాయి. నాచు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే!

అయితే వన్యప్రాణి చట్టం 26ఎ సెక్షన్ చదవండి. తీర సముద్రాన్ని అభయారణ్యంలో కలపాలంటే కేంద్రం ఒప్పుకోవాలి, స్థానిక మత్స్యకారుల జీవనోపాధిని కాపాడే ఏర్పాట్లూ ముందే చేయాలి. (మా నాన్న వలలో తాబేలు పడితే వల కోసైనా వదిలేసేవాడు. ఆయనకు ఏ సెక్షనూ తెలియదు.)

మీ జీవనోపాధికి ఆధారంగా ఉండేలా, మీ ఆయన ఏ నెలలో ఎక్కడ వల వేస్తాడో ఇప్పుడే కాగితం మీద రాయించి, పాలెం పెద్దల సంతకాలతో కలెక్టరుకు, మత్స్యశాఖకు ఇవ్వండి. చేపలమ్మే ఆడవాళ్ల పేర్లూ అందులో ఉండాలి.