తాళం తీసినా ఆగని ఎంజీబీ

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు. పదేళ్లుగా ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటున్నాను. నిరుడు 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసేయగల పాత బ్రిటిష్ కారు) కొన్నాను. ఇంజన్ వేడెక్కాక తాళం తీస్తే వెంటనే ఆగదు. ఐదారు సెకన్లు గడగడమని ఊగి, చివర్లో వెనక్కి తన్ని ఆగుతుంది. ఇక్కడి గ్యారేజీలో ఇగ్నిషన్ స్విచ్ మార్చారు, తేడా లేదు. ఇంజన్ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: "గడగడమని ఊగి" అన్నారే, ఆ మాటతోనే సగం తేలిపోయింది. స్విచ్ చెడి, ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చే కాయిల్‌కి కరెంటు అందుతుంటే ఇంజన్ ఊగదు, మామూలుగా నున్నగా తిరుగుతూనే ఉంటుంది. అయినా ఒకసారి కాయిల్ ప్లస్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టి తాళం తీయండి. లైటు ఆరినా ఇంజన్ తిరుగుతోందంటే తప్పు స్విచ్‌ది కాదు.

లోపల ఎర్రగా కాలిన మసో, ప్లగ్గు మొనో స్పార్క్ లేకుండానే పెట్రోలును అంటిస్తోంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే మీ ఎస్‌యూ కార్బురేటర్లకేమో తాళంతో సంబంధం లేదు. పిస్టన్లు లాగినంత సేపూ పెట్రోలు వస్తూనే ఉంటుంది.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, అంబాసిడర్ల మీద. వాటి 1489 సీసీ ఇంజన్, మీ 1798 సీసీ ఇంజన్ ఒకే బి-సిరీస్ కుటుంబం. ఈ జబ్బు వాటికీ వచ్చేది. హెడ్ (ఇంజన్ పై భాగం) మీద చెయ్యి వేసే ముందు స్లో స్పీడ్, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం (ఐడిల్), చూడరా అనేవారు మా మేస్త్రి. నేటికీ నేను మొదట చూసేది అదే. బాగా వేడెక్కాక మీ ఇంజన్ నిమిషానికి 1,000 చుట్లు దాటి తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తిప్పి 800 దగ్గరికి దించండి. చాలా బండ్లు అక్కడే బాగుపడతాయి.

ఆ స్క్రూ పూర్తిగా విప్పినా దిగకపోతే థ్రాటిల్ స్పిండిల్ (కార్బురేటర్‌లో గాలి తలుపు తిరిగే ఇరుసు) అరిగి గాలి లాగుతోందేమో చూడాలి. ఇంజన్ చల్లారాక స్పిండిల్‌ను వేళ్లతో పట్టుకుని కదిపితే ఆట తెలుస్తుంది. లీకు కోసం స్ప్రే కొట్టే పని మాత్రం దయచేసి పెట్టుకోకండి. ఈ ఇంజన్‌లో కార్బురేటర్ల కిందే ఎగ్జాస్ట్ ఉంటుంది, మంట లేస్తుంది.

ఇక పెట్రోలు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పంపుల్లో దొరికేది ఇ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ వల్ల మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. మీ బండి దానికోసం కట్టింది కాదు. 97 ఆక్టేన్‌కు తగ్గని ఇ5 (ఇథనాల్ ఐదు శాతం మించని) సూపర్ పోయించి, రెండు ట్యాంకులు నడిపి చూడండి. ప్లగ్గులు ఎన్‌జీకే అయితే బీపీ6ఈఎస్ ఉండాలి. 5 నంబరువి మరీ వేడిగా ఉంటాయి. టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడినా ఇంజన్ వేడెక్కుతుంది. మీ ఇంజన్ నంబరుకు ఎంత ఉండాలో వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసి కట్టించండి.

ఇవన్నీ సరిగా ఉన్నా ఆగకపోతేనే హెడ్ దింపి మసి గీకించాలి. ముందే ఒప్పుకోకండి, అది ఖర్చుతో కూడిన పని.

అంతవరకు ఇలా ఆపండి: టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, తాళం తీసి, క్లచ్ మెల్లగా వదలండి. వెనక్కి తన్నడం ఇంజన్‌కు మంచిది కాదు, ఒక్కసారి కూడా తన్ననివ్వకండి. ఐడిల్ ఎంత వచ్చిందో, ప్లగ్గుల మొనలు ఏ రంగులో ఉన్నాయో రాయండి. తెల్లగా ఉంటే మాత్రం అప్పటిదాకా దూరం నడపకండి.