విశాఖ జాలర్లు సముద్రాన్ని ప్రకృతి దేవతగా కొలుస్తారా?

విశాఖ తీరంలో తరతరాలుగా ఉంటున్న మత్స్యకారులు ప్రకృతినే దైవంగా చూస్తారట, ఆ నమ్మకం వల్లే చేపలు, తాబేళ్ళు ఇన్నాళ్ళూ బతికున్నాయట, నిజమేనా అని అడిగారు. నాకు తెలిసి సగమే నిజం. మాది పెదజాలారిపేట, జాలరి కుటుంబం, కాబట్టి ఇంట్లో చూసిందే చెప్తాను. ఊళ్ళో వాడబలిజ (చేపలు పట్టే ఇంకో కులం) కుటుంబాల్లో పద్ధతులు కాస్త వేరుగా ఉండొచ్చు.

గంగమ్మ తల్లికి మొక్కడం అందరికీ తెలిసిందే. కొత్త పడవ దించేటప్పుడు పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, కొబ్బరికాయ కొడతారు, కోడిని కోస్తారు. టీవీ వాళ్ళు తీసేది ఇదే. కానీ మా పెద్దవాళ్ళకి అసలు భయం, భక్తి ఇంటి అమ్మోరి దగ్గర. ప్రతి ఇంటివాళ్ళకీ తమ అమ్మోరు ఉంటుంది, తండ్రి నుంచి కొడుకులకి వస్తుంది, అన్నదమ్ములు వేరుపడినా ఆమె మాత్రం అందరికీ ఉమ్మడి. మా నానమ్మ ఆమెతో దండం పెట్టుకుంటూనే పోట్లాడేది, "నీకేం తక్కువ చేశామని మా పిల్లల వల ఖాళీగా పంపిస్తున్నావ్" అని.

నా చిన్నప్పుడు ఒక సీజన్‌లో మా పడవకి ఏమీ పడలేదు. పక్క పడవలకి పడుతున్నాయి, మాకే లేదు. పైగా మా తమ్ముడికి జ్వరం తగ్గట్లేదు. అప్పటికే మా నాన్నకీ చిన్నాన్నకీ పడవ వాటా దగ్గర మాటలు లేవు, డీజిల్ ఖర్చు ఎవరిది, వల ఎవరిది అని. దాసుడి దగ్గరికి వెళ్తే (మా దగ్గర అమ్మోరి మనసు చూసి చెప్పేవాడు) ఆయన సముద్రం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, అన్నదమ్ములు కలిసి ఇవ్వాల్సిన మొక్కు ఎప్పుడు ఆపేశారని అడిగాడు. అంతే, ఇంట్లో అందరూ తలలు దించుకున్నారు. మొక్కు తీర్చాలంటే ఇద్దరూ కలిసి కోడిని తేవాలి, ఒకే చోట వండాలి, ఒకే చోట తినాలి. ఇష్టం లేకపోయినా కూర్చున్నారు, వాటా లెక్క కూడా ఆ రాత్రే తేలింది. తర్వాత చేపలు పడ్డాయా అంటే, కానాగంత చేపలు వచ్చే రోజులు కాబట్టి అందరికీ పడ్డాయి, మాకూ పడ్డాయి. మా నానమ్మని అడిగితే మాత్రం వేరేలా చెప్పేది.

అంటే మా వాళ్ళ లెక్కలో వలలో చేప పడకపోవడం, పిల్లాడికి జ్వరం, అన్నదమ్ముల తగువు మూడూ ఒకే సంగతి. సముద్రం ఎక్కడో బయట ఉండి మనం కాపాడాల్సిన వస్తువు కాదు, ఇంటి గొడవలో అదీ ఒక పక్షం. దీన్ని పర్యావరణ పరిరక్షణ అంటే మా నాన్న నవ్వుతాడు.

అలాగని దేవుడి మీద భారం వేసి వేటకి పోతారనుకోకండి. గాలి ఏ పక్క నుంచి, నీరు ఎటు లాగుతోంది, నీటి రంగు ఎలా మారింది అన్నీ చూసుకునే పోతారు. జీపీఎస్ రాకముందు సింహాచలం కొండ, యారాడ కొండ ఒకదానికొకటి ఎలా కనిపిస్తున్నాయో చూసి అడుగున రాళ్ళున్న చోటు కనిపెట్టేవాళ్ళు, అక్కడే కోనాం చేప దొరుకుతుంది. ఆ చోటు పక్క పడవకి చచ్చినా చెప్పరు.

ఇక సంరక్షణ సంగతి. తాబేలు వలలో పడితే కూర్మావతారం అని దండం పెట్టి, అవసరమైతే వల కోసి వదిలేసేవాళ్ళని చూశాను. అదే సమయంలో జనవరి నుంచి మార్చి దాకా, అవి గుడ్లు పెట్టడానికి వచ్చే రోజుల్లో, చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు బీచ్‌కి కొట్టుకొస్తూనే ఉంటాయి, ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చినవే ఎక్కువ. 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపుని చుట్టుముట్టి పట్టే పెద్ద వలలు) గొడవ గుర్తుందా? తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు ఆ వలలు వేస్తే చిన్న చేప కూడా మిగలదని సంప్రదాయ వేటగాళ్ళు, మా బతుకు మాటేంటని రింగు వల వాళ్ళు, పడవలకి నిప్పు పెట్టేదాకా వెళ్ళింది. రెండు పక్షాలూ కొబ్బరికాయ కొట్టేది ఆ గంగమ్మకే! భక్తి ఉంటే చాలు చేపలు మిగులుతాయనేవాళ్ళు దీనికి ఏం చెప్తారో నాకు తెలియదు. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో మర పడవల్ని ఒడ్డున ఆపుతున్నది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల సర్కారు నిషేధం, అమ్మోరు కాదు.

చూడాలని ఉంటే నిషేధం ముగిసే రోజు సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌కి రండి, పడవలకి పూజలు జరుగుతుంటాయి. ఫోటో తీసేముందు అడగండి. సముద్రాన్ని ఎందుకు పూజిస్తారు అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు, మీ ఇంటి అమ్మోరు ఎవరు, మొక్కు ఎప్పుడు తీర్చారు అని అడగండి, గంట సేపు చెప్తారు.