గలంఫింగ్ అంటే పొగడ్తా, వెక్కిరింతా?

"గలంఫింగ్" అనే ఆంగ్ల విశేషణానికి అర్థమేమిటి, అది ఎలా పుట్టింది అని అడిగారు. బరువైన అడుగులతో, చుట్టుపక్కల ఏమున్నదో పట్టించుకోకుండా, కొంత మొరటుగానూ కొంత హుషారుగానూ సాగే నడకను లేదా పరుగును ఆ మాటతో వర్ణిస్తారు. ఒళ్లు పెరిగినా చిన్నతనం పోని లాబ్రడార్ కుక్క యజమానిని చూసి ఎదురొచ్చే తీరుకు అది చక్కగా అతుకుతుంది. పిల్లి నడకకు ఎన్నటికీ అతకదు.

నాకు ఈ మాట సిగ్గుపడవలసిన సందర్భంలో పరిచయమైంది. ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు, నేను పై అంతస్తు నుంచి దిగివచ్చే తీరును ఒకనాడు ఇలా వర్ణించారు. నిఘంటువు తెరిచి, "గ్యాలప్", "ట్రయంఫ్" అనే మాటల కలయిక కావచ్చునన్న వ్యుత్పత్తిని మాత్రమే చదివి, గుర్రమెక్కిన విజేతతో పోల్చారని మురిసిపోయి, మరునాడు ఆవిడకు కృతజ్ఞతలు చెప్పాను. ఆవిడ నవ్వి, ఇంట్లోని పాత చెక్క మెట్లను చూపించారు.

నిజానికి నేను గ్రహించిన అర్థం తప్పు కాదు, పాతబడినది. 1871లో వెలువడిన "త్రూ ద లుకింగ్ గ్లాస్"లోని "జాబర్‌వాకీ" కవిత కోసం లూయిస్ కారల్ ఈ క్రియను సృష్టించాడు. అందులో ఒక కుర్రవాడు భయంకరమైన జంతువును చంపి, దాని తల పట్టుకొని తిరిగివచ్చే సంబరమే గలంఫింగ్. ఇలా రెండు మాటలను ఒకదానిలో కుక్కడాన్ని, రెండు అరలుగా తెరుచుకునే "పోర్ట్‌మాంటో" అనే ప్రయాణపు పెట్టెతో అదే పుస్తకంలో హంప్టీ డంప్టీ పోలుస్తాడు. అయితే అతడు మొదటి చరణంలోని మాటలను మాత్రమే విడమరిచాడు గనుక, చివరి చరణాల్లో వచ్చే ఈ మాట పుట్టుకను నిఘంటుకర్తలు ఊహించవలసి వచ్చింది.

విజయోత్సాహం తగ్గి మొరటుతనం పైకి రావడానికి కారణం ఆ మాటలోని ధ్వనేనని నా అభిప్రాయం. "థంప్", "లంప్", "స్టంప్" వంటి బరువైన మాటల సరసన అది చెవికి వినిపిస్తుంది. చెవి వ్యుత్పత్తిని అడగదు కదా.

తెలుగులో నడకకు గునగునా, చకచకా, బిరబిరా వంటి జంట మాటలు ఎన్నో ఉన్నా, దీనికి సరిజోడు నాకు దొరకలేదు. "దడదడమంటూ" అంటే చప్పుడు వస్తుంది గానీ సంబరం రాదు. "ఎగురుకుంటూ" అంటే సంబరం వచ్చి బరువు పోతుంది. అనువదించవలసి వస్తే నేను "దడదడా గంతులేస్తూ" అని రాస్తాను.