మొక్కలు నాటితే సరిపోదా?

ప్రశ్న: మా అమ్మాయి కెనడాలో చదువుకుంటోంది. బ్రిటిష్ కొలంబియాలో పాత అడవులను నరకకుండా స్నేహితులతో కలిసి లారీలకు అడ్డంగా కూర్చుంటానంటోంది. నరికిన చోట మళ్ళీ మొక్కలు నాటుతారు కదా! కోర్టు వద్దన్నా వెళ్ళడం తప్పు కాదా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మొక్కల సంగతి. ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించినవాణ్ణి, ఆ మాట వింటే మనసు ఊరుకోదు. బ్రిటిష్ కొలంబియా తీరంలో మార్బుల్డ్ మర్రెలెట్ అనే సముద్రపక్షి ఉంది. పావురం కన్నా చిన్నది. పుల్లలతో గూడు అల్లదు. ముసలి చెట్టు కొమ్మ మీద పరుపులా పేరుకున్న నాచులో చిన్న గుంట చేసి, ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. కొమ్మ అంత వెడల్పు కావాలన్నా, నాచు అంత మందాన పట్టాలన్నా వందేళ్ళు చాలవు. నాటిన చెట్లను మాత్రం సాధారణంగా ఆ వందేళ్ళు నిండకముందే మళ్ళీ నరికేస్తారు. ఇక ఆ పక్షి గుడ్డు ఎక్కడ పెట్టాలి?

తప్పొప్పుల విషయానికి వస్తే, కలప సంస్థలు అక్కడ ముందే కోర్టు నుంచి ఇంజంక్షన్, అంటే పనికి అడ్డు రావద్దనే ఉత్తర్వు, తెచ్చుకుంటాయి. ఆ తర్వాత దారికి అడ్డం కూర్చుంటే కోర్టు ధిక్కారం కేసు పడుతుంది. అడవి కోసమే కూర్చున్నామన్న వాదన విచారణలో నిలవడం కష్టం. అది తెలిసి కూడా 1993 వేసవిలో బ్రిటిష్ కొలంబియా తీరంలోని క్లేయోక్వాట్ సౌండ్ అనే అటవీ ప్రాంతంలో 800 మందికి పైగా అరెస్టయ్యారు. తెల్లవారకముందే కెన్నెడీ నది వంతెన దగ్గర నిలబడేవారు. కోర్టు ఉత్తర్వు చదివి వినిపించాక కూడా కదలనివాళ్ళను పోలీసులు మోసుకెళ్ళి బస్సెక్కించేవారు. వాళ్ళలో అమ్మమ్మల వయసువాళ్ళూ ఉన్నారు. జైలుశిక్షలు, జరిమానాలు పడ్డాయి. 2024లో అక్కడి ఆదివాసులతో కలిసి ప్రభుత్వం సుమారు 76,000 హెక్టార్ల అడవికి రక్షణ ప్రకటించింది.

కోర్టులు ఎప్పుడూ కలప సంస్థల పక్షానే ఉంటాయనుకోకండి. అదే ప్రాంతంలోని మియర్స్ ద్వీపంలో 1984లో ఆదివాసులు నరికివేతను అడ్డుకున్నారు. ఆ ద్వీపం మీద వాళ్ళ హక్కుల వ్యాజ్యం తేలేదాకా నరకవద్దని 1985లో అప్పీలు కోర్టే ఆదేశించింది. ఆలస్యమైన తీర్పుతో ఇల్లో పొలమో తిరిగి రావచ్చు, పడిపోయిన వెయ్యేళ్ళ చెట్టు మాత్రం లేవదు. అందుకే బహిరంగంగా కూర్చుని, శిక్షకు తలవంచేవాళ్ళది తప్పని నేను అనలేను.

నరికితే రంపాలు పాడయ్యేలా చెట్లలో రహస్యంగా మేకులు కొట్టేవాళ్ళను మాత్రం ఎన్నటికీ సమర్థించను. 1987లో కాలిఫోర్నియాలోని ఒక మిల్లులో దుంగలోని మేకు తగిలి రంపం తెగి, ఒక కార్మికుడి ముఖం దారుణంగా గాయపడింది. అతను కూలికి వచ్చిన మనిషి.

మీ అమ్మాయిని రెండు విషయాలు అడగండి. ఆ అడవి ఏ ఆదివాసులదో, వాళ్ళు ఈ నిరసన గురించి ఏమంటున్నారో తెలుసుకుందా? కేసు పడితే వీసా ఏమవుతుందో వకీలును అడిగిందా? అరెస్టు కాలేని పరిస్థితి ఉంటే శిబిరంలో వంట చేయవచ్చు, అరెస్టుల దగ్గర సాక్షిగా దూరంగా నిలబడి జరిగింది రాసుకోవచ్చు. ఆ పనికీ మనుషులు కావాలి.